బండి ఆపి పోయేటప్పుడు హెల్మెట్ పోకుండా బీగం వేసుకునేది ఎట్ల

కర్నూల్లో బండి తోలేవాళ్ళని ఎవరినైనా హెల్మెట్ ఏంటికి పెట్టుకోలేదన్నా అని అడగండి, ఎండ అంటారు, చెమట అంటారు, దగ్గరికే కదా అంటారు, రవ్వంత సేపు మాట్లాడినాక అసలు సంగతి బయటికొస్తాది, "ఆడికి పోయినాక దాన్ని యాడ పెట్టాలబ్బా" అని. నిజమే అది. సి క్యాంపు రైతు బజారుకు పోతే ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో హెల్మెట్, టమాటాలు ఏరుకోవాలంటే చెయ్యి ఖాళీ ఉండదు. బండి మీదే పెట్టి పోదామంటే తిరిగొచ్చేసరికి ఉంటాదో ఉండదో, మనసంతా దాని మీదే ఉంటాది. ఒకసారి పోయిందంటే మళ్ళీ కొనబుద్ధి కాదు, కొన్నా ఇంట్లో మేకుకు తగిలించి పెట్టేస్తారు. మేకుకు వేలాడే హెల్మెట్ ఎవరి తలను కాపాడతాది చెప్పండి. అందుకే నేను తెలిసినోళ్ళందరికీ చెప్పేది ఒకటే, హెల్మెట్ కొన్న రోజే దాన్ని బండికి ఎట్ల బీగం వెయ్యాల అనేది కూడా ఏర్పాటు చేసుకోండి, అది ఒకసారి కుదిరిందంటే తర్వాత ఇరవై సెకన్ల పని, హెల్మెట్ ఇంట్లో వదిలేసి పోవాలనే ఆలోచనే రాదు.

పైగా ఇప్పుడు ఒక హెల్మెట్‌తో అయిపోయే పని కాదు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినాక 194డి సెక్షన్ కింద హెల్మెట్ లేకుంటే వెయ్యి రూపాయల ఫైను, దానితో పాటు మూడు నెలలు లైసెన్సు చెల్లకుండా చెయ్యొచ్చు. తలపాగా కట్టిన సిక్కులకు తప్ప నాలుగేళ్ళు దాటిన అందరికీ ఈ రూలు వర్తిస్తాది, తోలేవాళ్ళకే కాదు వెనక కూర్చునేవాళ్ళకు కూడా. అంటే ఇద్దరు బండెక్కితే రెండు హెల్మెట్లు. రెండింటినీ చంకలో పెట్టుకుని పెళ్ళి భోజనానికో పెద్దాసుపత్రిలో మనిషిని చూసేదానికో పోవాలంటే ఎవరి వల్ల అవుతాది.

ముందు హెల్మెట్ ఎత్తుకపోయేవాడు ఎట్ల పని చేస్తాడో చూడాల. వాడు శానా వరకు కటింగ్ ప్లేయర్లు, రంపాలు పట్టుకుని రాడు. పోతా పోతా చూస్తాడు, అద్దానికి ఊరికే తగిలించి ఉంటే తీసి తలకు పెట్టుకుని తన బండెక్కి పోతాడు, అంతే. హెల్మెట్ పెట్టుకుని పోయేవాణ్ణి చూసి ఎవరికీ అనుమానం కూడా రాదు. కాబట్టి మనకు ఖజానాకు వేసేంత బీగం అక్కర్లేదు, వాడు ఒక నిమిషం నిలబడి తంటాలు పడాల్సి వచ్చేటట్ల ఉంటే చాలు, రాజ్ విహార్ సెంటర్ లాంటి జనం తిరిగే చోట అంతసేపు ఒక బండి కాడ వంగి కూర్చునే ధైర్యం శానా మందికి ఉండదు.

అయితే ఊరంతా కనపడే ఒక తప్పు ఉంది, పట్టీకి మాత్రమే బీగం వెయ్యడం. గడ్డం కింద కట్టుకునే ఆ పట్టీ నైలాన్‌ది, గుంజితే తెగదు కానీ బ్లేడు పెడితే రెండు లాగుల్లో తెగుతాది. మా పక్క వీధిలో ఒకాయన కొత్త హెల్మెట్ పట్టీని బండికి చైను వేసి బీగం పెట్టి పోయినాడు, తిరిగొచ్చేసరికి చైను చైనుగానే ఉంది, బీగం బీగంగానే ఉంది, మధ్యలో బెత్తెడు నల్ల పట్టీ ముక్క వేలాడుతా ఉంది, పోగులు చక్కగా ఒకే గీతలో తెగి ఉన్నాయి. పట్టీ తెగిన హెల్మెట్ వాడికేం పనికొస్తాది అని అడగొద్దు, పనికొస్తాదో లేదో ఎత్తుకపోయినాక చూసుకుంటాడు, పోయింది మాత్రం మనది.

అందుకని మొదటి రూలు, బీగానికి వాడే స్టీలు తీగ పట్టీలో నుంచి కాదు, డొప్పలో నుంచి, అంటే హెల్మెట్ పైన ఉండే గట్టి పెంకులో నుంచి పోవాల. ఫుల్ ఫేస్ హెల్మెట్ అయితే గడ్డం ముందర అడ్డంగా ఒక భాగం ఉంటాది కదా, అది డొప్పలోనే కలిసి ఉంటాది, బ్లేడుకు లొంగదు. గ్లాసు పైకెత్తి, తీగను మొఖం కనపడే సందులో నుంచి లోపలికి పోనిచ్చి, మెడ దూర్చే పెద్ద కన్నంలో నుంచి కిందికి తీసుకోవాల, అంటే ఆ గడ్డం భాగం చుట్టూ తీగ ఒక చుట్టు తిరిగినట్లు. ఇప్పుడు హెల్మెట్ తీయాలంటే తీగన్నా తెంచాల, డొప్పన్నా పగలగొట్టాల. డొప్ప పగిలిన హెల్మెట్ ఎవడూ ఎత్తుకపోడు.

గడ్డం భాగం పైకి లేచే మోడల్ హెల్మెట్లు వాడేవాళ్ళు కొంచెం జాగ్రత్త, దాన్ని కిందికి దించి టక్కుమని పడిందాకా నొక్కినాక కూడా బయటి నుంచి బటన్ నొక్కితే లేచిపోతాది, అప్పుడు తీగ ఊడి వస్తాది. వాటికి తీగతో పాటు పట్టీని కూడా కలిపి వేసుకోండి, రెండు పనులు చెయ్యాల్సి వస్తే వాడికి విసుగొస్తాది. ఇంక ఓపెన్ ఫేస్, హాఫ్ హెల్మెట్లకు గడ్డం భాగమే లేదు, పట్టీ తప్ప పట్టు దొరకదు. అవి వాడేవాళ్ళు స్కూటర్ డిక్కీలో పెట్టుకోవడమో, వెనక బాక్సు బిగించుకోవడమో మేలు. నన్నడిగితే బండి తోలేవాళ్ళు ఫుల్ ఫేసే కొనాల, కింద పడినప్పుడు దవడ, పండ్లు మిగలాలంటే అదే, బీగం వెయ్యడానికి పట్టు దొరికేది కూడా దానికే. కొనేటప్పుడు వెనక ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే నంబరు చూసుకోండి, 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు, అయినా రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మేవాటిలో లేనివి కనపడతానే ఉన్నాయి.

ఇప్పుడు బండి వైపు చూద్దాం. శానా బండ్లకు కంపెనీ నుంచే హెల్మెట్ హుక్కు వస్తాది, ఏళ్ళ తరబడి బండి తోలినోళ్ళకు కూడా అది ఉన్న సంగతే తెలీదు. కొన్ని బండ్లకు సీటు కింద, ఎడమ పక్క అంచు కాడ వేలంత ఇనుప కొక్కెం ఉంటాది, సీటు మూసేస్తే దాని నోరు మూసుకుంటాది. కొన్నింటికి సైడు ప్యానెల్ కాడ విడిగా కీ పెట్టే చిన్న బీగం లాంటిది ఉంటాది. బండితో ఇచ్చిన పుస్తకంలో హెల్మెట్ హోల్డర్ అని ఉన్న పేజీ తీసి చూడండి, పుస్తకం లేకుంటే సీటు తీసి అంచుల వెంబడి చెయ్యి పోనిచ్చి చూడండి, దొరుకుతాది.

ఆ కొక్కేనికి హెల్మెట్ డి రింగును తగిలించాలని కంపెనీవాళ్ళ ఉద్దేశం. పట్టీ చివర రెండు ఇనుప రింగులు ఉండే హెల్మెట్ అయితే ఒక రింగును కొక్కేనికి వేసి సీటు మూస్తే అయిపోతాది. పాలు తెచ్చుకునేదానికి, మందుల షాపుకు, అంటే బండి కంటికి కనపడే చోటికి పోతే ఇది చాలు. కానీ ఇది కూడా పట్టీ మీద ఆధారపడిన పనే, పైగా ఇప్పుడు వచ్చే శానా హెల్మెట్లకు రింగులు లేవు, క్లిక్కుమని పడే ప్లాస్టిక్ బకిల్ ఉంటాది, దాన్ని కొక్కేనికి వెయ్యను కుదరదు.

దీనికి నేను చూసినవాటిలో అన్నిటికన్నా బాగా పని చేసేది ఏందంటే, ఆ కొక్కేన్నే వాడుకుంటా పట్టీకి బదులు చిన్న స్టీలు తీగ వెయ్యడం. మూరన్నర పొడవు తీగ, రెండు చివర్లా ఉచ్చులు. హెల్మెట్‌ను బండి ఎడమ పక్క పట్టుకుని తీగ ఒక చివరను ముందు చెప్పినట్లు గడ్డం భాగం చుట్టూ తిప్పి తీసుకోవాల, రెండు ఉచ్చులనీ ఒకదాని మీద ఒకటి కొక్కేనికి వెయ్యాల, సీటు దించి రెండు చేతులతో వెనక భాగం నొక్కాల, టక్ అని శబ్దం వచ్చిందాకా. ఆ శబ్దం వినకుండా పోవద్దు. తీగ సీటు అంచు కింద ఇరుక్కుంటే సీటు మూసుకున్నట్లే కనపడతాది కానీ లాక్ పడి ఉండదు, వేలు పెట్టి ఎత్తితే లేచొస్తాది. అందుకని మూసినాక ఒకసారి సీటును పైకి లాగి చూడండి, తర్వాత హెల్మెట్‌ను కిందికి లాగి చూడండి. వేరే బీగం కొనే పని లేదు, ఇంకో కీ మోసే పని లేదు, బండి కీతోనే అంతా అయిపోతాది.

ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. శానా బండ్లకు బ్యాటరీ సీటు కిందో పక్కనే ప్యానెల్‌లోనో ఉంటాది. వట్టి స్టీలు తీగ చివర పోయి బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కూ బండి బాడీకీ ఒకేసారి తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి, వైరింగ్ కాలుతాది. ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగే తీసుకోండి, టెర్మినల్ మీద రబ్బరు టోపీ ఊడిపోయి ఉంటే మెకానిక్ కాడ వేయించుకోండి, మిగిలిన తీగను సీటు కింద కుక్కకుండా బయటి పక్కే ఉంచండి.

తీగ యాడ దొరుకుతాది అంటే, సైకిల్ అంగట్లో రెండు చివర్లా ఉచ్చులు వేసినవి రెడీగానే దొరకొచ్చు. లేకుంటే హార్డ్‌వేర్ షాపుకు పోయి 4 ఎంఎం లేదా 5 ఎంఎం స్టీలు వైర్ రోపు, పైన పీవీసీ తొడుగు ఉన్నది మీటరు కోయించుకోండి. చివర మడిచి ఉచ్చు చేసి క్లాంపులు బిగించాల. ఇక్కడ రెండు మెళకువలు ఉన్నాయి. క్లాంపు పడే చోట ప్లాస్టిక్ తొడుగును బ్లేడుతో గీసి తీసెయ్యాల, లేకుంటే ఎంత బిగించినా తొడుగు లోపల తీగ జారిపోతాది. రెండోది, క్లాంపులో యు ఆకారం కడ్డీ ఉండే పక్కను మడిచిన పొట్టి చివర మీదికి, పళ్ళు ఉండే దిమ్మె పక్కను పొడవు తీగ మీదికి వచ్చేటట్ల పెట్టాల, తిరగేసి పెడితే బరువు పడే తీగే నలిగిపోతాది. ఒక్కో ఉచ్చుకు రెండు క్లాంపులు వెయ్యండి. నట్లు బిగించినాక వాటి మూలలు ఆకురాయితో గుండ్రంగా అరగదీసేస్తే స్పానర్ పట్టదు, ఇది చేయకుంటే స్పానర్ ఉన్న ఎవడైనా విప్పుకపోతాడు. క్లాంపులకు బదులు అల్యూమినియం స్లీవ్, అంటే చిన్న గొట్టం ముక్క వేసి ప్రెస్సు చేసి ఇచ్చేవాళ్ళు దొరికితే ఇంకా మేలు, చూడ్డానికి కూడా బాగుంటాది. చివరగా పాత సైకిల్ ట్యూబు ఒక ముక్క కోసి తీగ మొత్తం దాంట్లో దూర్చండి, హెల్మెట్ పెయింటు గీసుకోదు, బండి ట్యాంకు, ప్యానెళ్ళ మీద గీతలు పడవు. ట్యూబు లోపల కొంచెం పౌడరు చల్లితే తీగ సులభంగా దూరుతాది.

మెకానిక్ కాడ పాత క్లచ్ వైరు అడిగి తీసుకుని దాన్నే వాడేవాళ్ళు కూడా ఉన్నారు. ఏమీ లేనిదానికన్నా నయమే కానీ అది సన్నంగా ఉంటాది, మామూలు కటింగ్ ప్లేయర్‌కే తెగుతాది, పోగులు ఊడి చేతికి గుచ్చుకుంటాయి.

అన్ని బండ్ల సీటూ కీతో తెరుచుకోదు, కొన్నింటికి సీటును బోల్టులతో బిగించి ఉంటారు. వాళ్ళు నంబరు లాక్ ఉండే కేబుల్ గానీ, పైన చెప్పిన తీగకు చిన్న బీగం గానీ వాడాల్సిందే. అప్పుడు దాన్ని బండిలో యాడ వెయ్యాల అనేదే అసలు ప్రశ్న. చుట్టూ మూసుకుని ఉన్న చోటు కావాల, అంటే తీగ పక్కకు జరిపితే ఊడి రాకూడదు. మన బండ్లకు వెనక చక్రం ఎడమ పక్క చీర గార్డు ఉంటాది కదా, ఆ కడ్డీలు బ్రహ్మాండంగా పనికొస్తాయి, అడ్డ కడ్డీ కింద నుంచి తిప్పితే ఎటు లాగినా రాదు. వెనక సీటువాళ్ళు పట్టుకునే రాడ్డు కూడా మంచిదే, దాని రెండు చివరలూ బండికి బోల్టు అయి ఉంటే. ముందర లెగ్ గార్డు కూడా వాడొచ్చు కానీ హెల్మెట్ నేలకు దగ్గరగా పడతాది, దుమ్ము, కుక్కలు. అద్దం కడ్డీ, క్లచ్ లివరు, ఫుట్ రెస్టు వద్దు, వీటన్నిటికీ ఒక చివర ఖాళీగా ఉంటాది, తీగ జారిపోతాది, అద్దమైతే చేత్తో తిప్పితేనే ఊడొస్తాది. అనుమానం ఉంటే బీగం వేసినాక మీరే ఒకసారి కీ లేకుండా తీసేదానికి ప్రయత్నం చెయ్యండి, మీ చేతికి రాకుంటే అది మంచి చోటు.

చక్రం పుల్లల్లో నుంచి మాత్రం ఎప్పుడూ పోనియ్యొద్దు. తొందరలో మర్చిపోయి బండి కదిలిస్తే తీగ చుట్టుకుని చక్రం పట్టేస్తాది, డిస్క్ బ్రేకు ఉండే పక్కైతే బ్రేకు సామానే పోతాది. మన హెల్మెట్ అయితే పెట్టుకోవాలి కాబట్టి గుర్తొస్తాది, వెనకవాళ్ళు దిగిపోయినప్పుడు వాళ్ళ హెల్మెట్ బండికే వేలాడుతా ఉంటాది, అది మర్చిపోయి తోలితేనే ప్రమాదం. ఒక్కరే తిరిగొస్తున్నప్పుడు రెండో హెల్మెట్‌ను వేలాడనియ్యకుండా వెనక సీటు మీద పెట్టి వల తాడుతో, అదే నాలుగు కొక్కేల రబ్బరు వలతో బిగించుకోండి.

నంబరు లాక్ కొనేవాళ్ళకు. మూడు చక్రాలు ఉండేదానికి వెయ్యి నంబర్లు కుదురుతాయి, నాలుగు చక్రాలు ఉంటే పది వేలు, దొరికితే నాలుగుదే తీసుకోండి. కొత్తది వచ్చినప్పుడు సాధారణంగా అన్నీ సున్నాల మీద తెరుచుకుంటాది, శానా మంది దాన్ని మార్చకుండానే వాడేస్తారు, అది బీగం వెయ్యనట్లే లెక్క. తెరిచి ఉన్నప్పుడు పక్కన చిన్న మీట గానీ నొక్కే బటన్ గానీ ఉంటాది, దాన్ని నొక్కి పట్టుకుని మనకు కావాల్సిన నంబరు తిప్పి, వదిలేస్తే కొత్త నంబరు పడుతాది, ఒక్కో కంపెనీది ఒక్కో రకంగా ఉంటాది కాబట్టి అట్ట మీద బొమ్మ చూసి చెయ్యండి, తెరిచి ఉండంగానే రెండుసార్లు పరీక్ష చేసుకున్నాకే బండికి వెయ్యండి. బండి నంబరులో చివరి అంకెలు పెట్టొద్దు, ఆ నంబరు ప్లేటు పక్కనే ఉంది కదా. ఇంకొకటి, మూసినాక అన్ని చక్రాలూ తిప్పెయ్యాల. తొందరలో ఒక్క చక్రమే ఒక గడి జరిపి పోతారు, వాడు ఒక్కో చక్రం ఒక గడి తిప్పి చూస్తే చాలు తెరుచుకుంటాది. మాపటేళ చీకట్లో అంకెలు కనపడవు, ఫోన్ లైటు పట్టాల్సి వస్తాది, పెద్దవాళ్ళకు ఇది ఇబ్బంది, వాళ్ళకు కీ ఉండేదే మేలు.

స్కూటర్ ఉన్నవాళ్ళ పని సులువే కానీ అందరిదీ కాదు. యాక్టివా డిక్కీ 18 లీటర్లు, ఓపెన్ ఫేస్ దూరుతాది గానీ శానా ఫుల్ ఫేస్‌లు దూరవు, బలవంతంగా కుక్కి సీటు మీద కూర్చుని మూస్తే గ్లాసు పగులుతాది లేదా సీటు లాక్ వంకరపోతాది. జూపిటర్ 125 లాంటి వాటికి 33 లీటర్లు ఉంటాది, అందులో రెండు ఓపెన్ ఫేస్‌ల వరకు కూడా పెడతారు. కొనేముందు మీ హెల్మెట్ షోరూముకే తీసుకపోయి పెట్టి మూసి చూడండి, ఎవరూ ఏమనుకోరు. పెట్రోలు మూత డిక్కీ లోపలే ఉండే మోడల్ అయితే పెట్రోలు పట్టించేటప్పుడు హెల్మెట్ బయటికి తియ్యాల. డిక్కీలో పట్టకుంటే సీటు తెరిచి చూడండి, శానా వాటికి అంచు కాడ చిన్న కొక్కేలు ఉంటాయి, అవి హెల్మెట్‌కే, మూరన్నర తీగ వాటికి వేసుకోవచ్చు. కాళ్ళ కాడ సంచి తగిలించే కొక్కెం మాత్రం బీగం కాదు, దానికి వేసి పోతే ఎవరి చేతికైనా వస్తాది.

రెండు హెల్మెట్లు ఉంటే తీగ రెండున్నర మూరలన్నా ఉండాల. ముందు వెనకవాళ్ళ హెల్మెట్, తర్వాత మనది, రెండింటి గడ్డం భాగాల్లో నుంచి ఒకే తీగ పోనిచ్చి చీర గార్డుకు గానీ కొక్కేనికి గానీ వేసుకోవాల. రెండూ ఒకే పక్క వేలాడితే ఒకదానికొకటి తగిలి గీసుకుంటాయి, మధ్యలో టవలు ముక్క పెట్టండి. సైడు స్టాండు మీద బండి ఎడమకు వాలి ఉంటాది కాబట్టి రెండు హెల్మెట్ల బరువుతో పడిపోతాదేమో అని భయం అక్కర్లేదు, అయినా మట్టి మెత్తగా ఉండే చోట మెయిన్ స్టాండు వేసుకోండి.

బీగం సంగతి ఇంత చెప్పినాక హెల్మెట్ సంగతి కూడా చెప్పాల, ఎందుకంటే దొంగ నుంచి కాపాడి మనమే పాడు చేస్తే ఏం లాభం. మన ఊళ్ళో అందరూ చేసే పని, అద్దం కడ్డీ మీద బోర్లించడం. హెల్మెట్ లోపల గుడ్డ కింద తెల్లగా ఉండేది థర్మోకోలే, కొంచెం గట్టి రకం. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి ఆ దెబ్బను తను తీసుకుంటాది, ఒకసారి నలిగితే మళ్ళీ పైకి లేవదు. రోజూ అద్దం అంచు ఒకే చోట గుచ్చుకుంటా ఉంటే ఆడ గుంట పడతాది, లోపలి గుడ్డ ఊడదీసి వేలుతో తడిమితే తెలుస్తాది, సరిగ్గా నడినెత్తి మీద వస్తాది ఆ గుంట. అందుకే హెల్మెట్ ఎప్పుడూ గడ్డం భాగం మీదే వేలాడాల, లోపలి పక్కకు ఏమీ గుచ్చుకోకూడదు.

పెట్రోలు ట్యాంకు మీద పెట్టడం కూడా మంచిది కాదు. జారి పడతాది, అదొకటి, మూత కాడ చిందిన పెట్రోలు, దాని ఆవిరి డొప్ప ప్లాస్టిక్‌ను, థర్మోకోల్‌ను తింటాయి, డొప్ప బయటికి బాగానే కనపడతాది కానీ లోపల పెళుసెక్కుతాది. థిన్నర్ పెట్టి తుడవడం, ఇష్టమొచ్చిన స్ప్రే పెయింటు కొట్టడం కూడా అంతే, సబ్బు నీళ్ళు చాలు. కుడి పక్క వేలాడదీయొద్దని నేను ముందు నుంచీ ఎడమ పక్క అంటున్నది సైలెన్సర్ వల్ల, మన బండ్లలో శానా వాటికి అది కుడి పక్కే ఉంటాది, ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా తోలి ఆపిన బండి సైలెన్సర్‌కు హెల్మెట్ తగిలితే గ్లాసు వంకరపోతాది, డొప్ప కూడా మెత్తబడతాది.

ఏప్రిల్, మే నెలల్లో మన కాడ నలభై దాటే ఎండ. ఎండలో ఆపక తప్పకపోతే హెల్మెట్‌ను బండి నీడ పడే పక్కకు తిప్పి కట్టండి, పైన తెల్ల గుడ్డ కప్పండి, తిరిగొచ్చి తలకు పెట్టుకునేటప్పుడు లోపల కాలిపోకుండా ఉంటాది, ఎండకు పెట్టుకోలేక చేతికి తగిలించుకుని పోయే బాధ తప్పుతాది. వానకాలంలో నోరు పైకి ఉండేటట్ల ఎప్పుడూ వదలొద్దు, లోపల నీళ్ళు నిలిచి గుడ్డ రెండు రోజులు ఆరదు, వాసనొస్తాది. నోరు కిందికే ఉండాల. పల్లెల్లో, చేలగట్ల మీద, రాళ్ళ కాడ బండి ఆపేవాళ్ళు తలకు పెట్టుకునేముందు బోర్లించి రెండుసార్లు తట్టండి, గుడ్డ మడతల్లో చూడండి. తేలు, జెర్రి చల్లటి చీకటి చోటు వెతుక్కుంటాయి, మన సీమలో ఈ మాట ప్రత్యేకం చెప్పక్కర్లేదు.

బండి యాడ ఆపుతాము అనేది కూడా బీగమంత ముఖ్యం. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల మాపటేళ జనం ఎక్కువ, లైట్లు ఉంటాయి, టీ అంగడి ఎదురుగా, మనుషులు కూర్చునే చోట ఆపితే తీగ ఒక్కటి చాలు. పెద్దాసుపత్రి లాంటి చోట మనిషి లోపల ఎంతసేపు పడతాదో తెలీదు, బయట గోడ పక్కన వరసగా పెట్టిన బండ్ల మధ్య ఎవరు ఎవరి బండి కాడ వంగినా ఎవరూ పట్టించుకోరు, అట్లాంటి చోట డబ్బులిచ్చే స్టాండులోనే పెట్టండి. రైల్వే స్టేషన్, బస్టాండు స్టాండ్లలో కూడా హెల్మెట్ పోతే మాకు సంబంధం లేదు అనే బోర్డు ఉంటే చూసుకోండి, హెల్మెట్ విడిగా తీసుకుని పెట్టుకునే స్టాండు అయితే టోకెన్ మీద హెల్మెట్ అని రాయించుకోండి. మంత్రాలయం దర్శనానికి పోయినప్పుడు చెప్పులు, సెల్ ఫోను, హెల్మెట్ మూడూ గుర్తుంచుకోవాల్సి వస్తాది, అట్లప్పుడు చీర గార్డుకు తీగ వేసి పోతే మనసు దేవుడి మీద ఉంటాది. రాత్రంతా బయట పెట్టే బండికి మాత్రం ఏ తీగా వద్దు, హెల్మెట్ ఇంట్లోకి తెచ్చుకోండి, రాత్రి పూట దొంగకు ఒక నిమిషం కాదు, గంట దొరుకుతాది.

హెల్మెట్ లోపల బ్లూటూత్ డబ్బా బిగించుకున్నవాళ్ళు దాన్ని తీసి జేబులో వేసుకుని పోవాల, అది క్లిప్పు నుంచి లాగితే వస్తాది, తీగ దాన్ని ఆపలేదు. గ్లాసు కూడా కొన్ని హెల్మెట్లకు మీట నొక్కితే ఊడొస్తాది, చీకటి గ్లాసు ఖరీదుది ఉంటే ఇంటి కాడే పెట్టుకుని మామూలు గ్లాసు వేసుకుని తిరగండి.

తిరిగొచ్చినాక బీగం తీసేటప్పుడు ఒకసారి పట్టీని రెండు చేతులతో గుంజి చూసే అలవాటు చేసుకోండి, ఎవడైనా కోయబోయి సగంలో వదిలేసి ఉంటే బయటికి కనపడదు, ప్రమాదంలో అదే తెగుతాది. సగం తెగిన పట్టీని చెప్పులు కుట్టేవాళ్ళ కాడ కుట్టించి వాడొద్దు, కంపెనీ పట్టీ దొరికితే మార్పించండి, లేకుంటే హెల్మెటే మార్చండి. ఎవడైనా లాగబోయి గట్టిగా నేలకు కొట్టి ఉంటే లోపలి థర్మోకోల్‌లో పగులు ఉందేమో చూడాల. అట్లనే రోడ్డు పక్కన పాత హెల్మెట్లు చవగ్గా అమ్ముతుంటే కొనొద్దు, అది ఎన్నిసార్లు కింద పడిందో మనకు తెలీదు, ఎవరి బండి నుంచి వచ్చిందో కూడా తెలీదు.

బీగం, సీటు లాక్ మన ఊరి దుమ్ముకు తొందరగా పట్టేస్తాయి. నెలకొకసారి కీ కన్నంలో కుట్టు మిషను నూనె ఒక చుక్క వేసి కీని నాలుగైదుసార్లు తిప్పి, బయటికొచ్చిన నల్ల జిడ్డును గుడ్డతో తుడిచెయ్యండి, ఇంజను ఆయిల్ వెయ్యొద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటాది. తీగ ప్లాస్టిక్ తొడుగు చిరిగి తుప్పు కనపడితే ఆ తీగ మార్చెయ్యండి. బండి రెండో కీని, బీగానిదైతే దాని రెండో కీని ఇంట్లో వేరువేరు చోట్ల పెట్టి, యాడ పెట్టినారో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.